ఆపరేషన్ అయ్యాక కరెంటు ఎవరికి? అన్నవాహిక క్యాన్సర్‌లో ముందూ వెనకల లెక్క

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక పలకరింపులు మొదలవుతాయి. బత్తాయిలు పట్టుకొచ్చిన చుట్టం ఒకాయన మంచం పక్కన కుర్చీ లాక్కుని, "మా వియ్యంకుడికీ ఇదేనండీ, అన్నవాహికలోనే. కోసి తీసేశాక 25 కరెంట్లు పెట్టారు. మీకెందుకు పెట్టలేదు?" అంటాడు. కాఫీ తాగి ఆయన వెళ్లిపోతాడు. ప్రశ్న మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. డాక్టర్ ఏదైనా వదిలేశాడా? వేరే ఊళ్లో చూపించాలా? ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

నిజానికి ఆ వియ్యంకుడికి పెట్టడమూ సరైనదే కావచ్చు, ఈయనకి పెట్టకపోవడమూ సరైనదే కావచ్చు. జబ్బు పేరు ఒకటే అయినా ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమా కాదా అన్నది మూడు సంగతుల మీద తేలుతుంది: ఆపరేషన్‌కి ముందు ఏ వైద్యం జరిగింది, తీసిన ముక్క రిపోర్టు ఏం చెప్పింది, క్యాన్సర్ ఏ రకం. ఈ మూడూ తెలియకుండా ఇద్దరు పేషెంట్లని పోల్చి లాభం లేదు.

ముందుగా ఆ మాట గురించి. మన దగ్గర రేడియేషన్‌ని 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాట విని షాక్ కొడుతుందేమోనని భయపడే పెద్దవాళ్లని చూశాను. ఒంటికి తగిలేది కరెంటు కాదు, ఎక్స్‌రేలాంటిదే, కాకపోతే చాలా శక్తివంతమైన కిరణం. మిషన్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందేమో. పెట్టేటప్పుడు నొప్పి ఉండదు. బయటికొచ్చాక ఒంట్లో రేడియేషన్ మిగలదు, మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

చోటే మారిపోయింది

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. గొంతు కింద మొదలై, ఊపిరిగొట్టం వెనకగా, వెన్నెముక ముందుగా, గుండె వెనక నుంచి దిగి కడుపులో కలుస్తుంది. దీనికి రెండు చెడ్డ గుణాలున్నాయి. కడుపుకీ పేగులకీ బయట పల్చటి పొర ఒకటి చుట్టి ఉంటుంది. అన్నవాహికకి చాలావరకు అది లేదు, కాబట్టి గోడ దాటిన గడ్డకి అడ్డుకట్ట ఉండదు. రెండోది, దాని గోడలోని లింఫు నాళాలు ఎక్కువగా నిలువునా సాగుతాయి. అందుకే ఛాతీ మధ్యలో ఉన్న గడ్డ తాలూకు కణాలు పక్కనున్న లింఫు గ్రంథుల్ని వదిలేసి మెడలోనో, పొట్ట పైభాగంలోనో తేలొచ్చు.

కాబట్టి సర్జన్ గడ్డ ఉన్నంత మేర మాత్రమే కోస్తే సరిపోదు. అన్నవాహికలో చాలాభాగాన్ని, చుట్టూ ఉన్న గ్రంథుల్ని తీసేసి, కడుపునే సన్నటి గొట్టంలా కుట్టి పైకి లాగి, మిగిలిన పై ముక్కకి అతికిస్తారు. ఈ అతుకు ఛాతీలో వేసే పద్ధతిని 1946లో వివరించిన ఐవర్ లూయిస్ అనే సర్జన్ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. అతుకు మెడలో వేసే పద్ధతి మెకోన్ పేరు మీద ఉంది.

రేడియేషన్ లెక్కంతా తిరిగేది ఇక్కడే. ఆపరేషన్‌కి ముందు గడ్డ కంటికి కనిపిస్తుంది. స్కాన్‌లో దాని చుట్టూ గీత గీసి అక్కడికే కిరణం పంపొచ్చు. ఆపరేషన్ తర్వాత గడ్డ ఉండదు. అది ఉన్న చోట ఇప్పుడు ఆ మనిషి కడుపు ఉంటుంది. రోజూ అన్నం దిగాల్సిన గొట్టం అదే, రక్తప్రసారం సగం తెగి ఇంకా కోలుకుంటున్నదీ అదే. ఎక్కడో మిగిలి ఉండొచ్చనుకునే కణాల కోసం కిరణం పంపిస్తే ముందుగా దెబ్బ తగిలేది ఈ కొత్త గొట్టానికి. శత్రువు ఖాళీ చేసి పోయిన ఇంట్లో మనవాళ్లు చేరాక ఆ ఇంటి మీదే గుళ్లు కురిపించినట్టు ఉంటుంది వ్యవహారం.

మొదట్లో అనుకున్నది వేరు

"కోసేశాం, ఏమైనా మిగిలితే కరెంటుతో కాల్చేద్దాం" అన్న ఆలోచన సహజమైనదే. 1980లు, 90లలో దాన్ని గట్టిగా పరీక్షించారు. 1991లో వచ్చిన ఫ్రెంచి ప్రయోగంలో 221 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఆపరేషన్ తర్వాత 45 నుంచి 55 గ్రేల రేడియేషన్ ఇచ్చారు. గ్రే అంటే రేడియేషన్ మోతాదుకి కొలత. ఆయుష్షు పెరగలేదు. 1993లో హాంకాంగ్ నుంచి వచ్చిన ఫలితం ఇంకా కంగారు పెట్టింది. 130 మందిలో రేడియేషన్ తీసుకున్నవాళ్లలో సగం మంది బతికిన కాలం 8.7 నెలలైతే, తీసుకోనివాళ్లలో 15.2 నెలలు. పైకి లాగిన కడుపులో పుండ్లు పడి రక్తం పోవడం ఒక ముఖ్య కారణం. అయితే వాళ్లు ఒక్కో సిట్టింగుకి 3.5 గ్రేలు ఇచ్చారు. ఇప్పుడు ఇచ్చేది 1.8 లేదా 2 మాత్రమే. అంటే ఆ ప్రయోగం ఆపరేషన్ తర్వాతి రేడియేషన్ని ఎంత తప్పుపట్టిందో, ఒకేసారి అంత మోతాదు ఇవ్వడాన్ని కూడా అంతే తప్పుపట్టింది. దాన్ని చూపించి "ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఎప్పుడూ హానే" అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

2003లో బీజింగ్ వైద్యులు ప్రచురించిన ఫలితాలు కొంచెం ఆశ చూపించాయి. 495 మందిలో మొత్తమ్మీద తేడా గట్టిగా రుజువు కాలేదు కానీ, మూడో స్టేజి వాళ్లని విడిగా చూస్తే అయిదేళ్లు బతికినవాళ్లు రేడియేషన్ జట్టులో 35 శాతం, ఆపరేషన్ మాత్రమే అయినవాళ్లలో 13 శాతం. చిన్న తేడా కాదిది. కాకపోతే మొత్తం మీద రుజువు కానిదాన్ని ఒక గుంపులో వెతికి పట్టుకున్నప్పుడు కొంచెం అనుమానంగా చూడటం మంచిది. చైనా వైద్యులు మాత్రం గ్రంథులకి పాకిన కేసుల్లో ఆపరేషన్ తర్వాత రేడియేషన్ వైపు ఎక్కువ మొగ్గు చూపుతూ వచ్చారు. ఇంటర్నెట్‌లో వెతికే మనవాళ్లకి అమెరికా పేజీ ఒకటి, చైనా పేజీ ఒకటి ఎదురెదురు మాటలు చెబుతున్నట్టు కనిపించడానికి ఇదొక కారణం.

లెక్క తిరగేసిన డచ్ ప్రయోగం

అసలు మలుపు నెదర్లాండ్స్‌లో వచ్చింది. 'క్రాస్' అనే ప్రయోగంలో 366 మందిని తీసుకుని, సగం మందికి నేరుగా ఆపరేషన్, మిగతా సగానికి ముందు అయిదు వారాల పాటు 23 సిట్టింగుల్లో 41.4 గ్రేల రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో ఇచ్చి ఆ తర్వాత ఆపరేషన్ చేశారు. 2012లో ఫలితం వచ్చింది. నేరుగా ఆపరేషన్ అయినవాళ్లలో సగం మంది 24 నెలలు దాటారు, ముందు కీమో-రేడియేషన్ తీసుకున్నవాళ్లలో సగం మంది 49 నెలలు దాటారు. గడ్డ అంచుల్లో కూడా ఏమీ మిగలకుండా శుభ్రంగా తీయగలిగిన కేసులు 69 శాతం నుంచి 92 శాతానికి పెరిగాయి. పదేళ్ల తర్వాత చూసినా తేడా అలాగే ఉంది: 25 శాతం, 38 శాతం.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. గొట్టం లోపలి పొర కణాల్లో పుట్టే స్క్వేమస్ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి, తీసిన ముక్కలో మైక్రోస్కోపు కింద ఎంత వెతికినా క్యాన్సర్ కణం ఒక్కటి కూడా దొరకలేదు. ఈ రకమే మన దేశంలో ఎక్కువ. పొగాకు, మద్యం దీనికి పెద్ద కారణాలు. అన్నవాహిక కింది చివర, కడుపుతో కలిసే చోట, జిగురు ఊరే కణాల్లో వచ్చే అడినో రకంలో మాత్రం అలా పూర్తిగా మాయమైంది నాలుగో వంతు కంటే తక్కువ మందిలోనే. అడినో రకం పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ. అందుకే అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడి డాక్టర్ని అడిగి చెప్పిన సలహా ఇక్కడున్న నాన్న జబ్బుకి అచ్చంగా అతకకపోవచ్చు.

ముందు ఇస్తే ఎందుకు బాగా పనిచేస్తుంది? గడ్డకి రక్తం, దాంతో ఆక్సిజన్ బాగా అందుతున్నప్పుడే రేడియేషన్ దాన్ని బాగా దెబ్బతీస్తుంది. కోసి కుట్టిన చోట రక్తనాళాలు తెగి ఆ కండ ఆక్సిజన్ లేక మాడుతూ ఉంటుంది. పైగా మనిషి సంగతి చూడండి. అంత పెద్ద ఆపరేషన్ తర్వాత ఎనిమిది, పది కిలోలు తగ్గి, గిన్నెడు జావ తాగడానికి గంట పట్టే మనిషిని అయిదు వారాల పాటు రోజూ ఆసుపత్రికి తిప్పాలి. మొదలుపెట్టినవాళ్లందరూ పూర్తి చేయలేరు. జపాన్‌లో కీమో ఒక్కదానితోనే ఇలాంటి పోలిక చేశారు: 330 మందిలో ఆపరేషన్ తర్వాత కీమో తీసుకున్నవాళ్లలో అయిదేళ్లు బతికినవాళ్లు 43 శాతం, అవే మందులు ముందు తీసుకున్నవాళ్లలో 55 శాతం. మారింది వరస మాత్రమే.

మరి తర్వాత ఎవరికి?

ముందే కీమో-రేడియేషన్ అయిపోయిన మనిషికి ఆపరేషన్ తర్వాత మళ్లీ రేడియేషన్ సాధారణంగా ఇవ్వరు. చుట్టం అడిగిన ప్రశ్నకి చాలా ఇళ్లలో జవాబు ఇదే. వాళ్లకి పెట్టాల్సిన కరెంటు ముందే పెట్టేశారు. వెన్నుపాము దాదాపు 45, 50 గ్రేల వరకే తట్టుకుంటుంది. ఆ హద్దు దాటితే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. ముందే 41 గ్రేలు పడిన చోట మళ్లీ అంతా పోయడం కుదరదు. ఇలాంటివాళ్లలో తీసిన ముక్కలో ఇంకా క్యాన్సర్ మిగిలి ఉంటే నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేది) ఏడాది పాటు ఇచ్చే మార్గం ఉంది. 2021లో వచ్చిన 794 మంది ప్రయోగంలో జబ్బు తిరగబెట్టకుండా ఉన్న కాలం 11 నెలల నుంచి 22 నెలలకి పెరిగింది. అయితే మొత్తం ఆయుష్షు పెరిగిందా అంటే, తర్వాతి లెక్కల్లో అది గట్టిగా రుజువు కాలేదు. మందు ఖరీదు చాలా ఎక్కువ. అప్పు చేసే ముందు ఈ రెండు మాటలూ డాక్టర్ నోటి నుంచి వినడం అవసరం.

అడినో రకానికి ఇప్పుడు వరస మళ్లీ మారుతోంది. జర్మనీలో 438 మందిపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా నాలుగు మందుల కలయిక కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 66 నెలలు బతికితే, క్రాస్ పద్ధతిలో ముందు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో అది 37 నెలలు. కాబట్టి అడినో ఉన్న మనిషికి ముందూ వెనకా కీమోయే పెట్టి రేడియేషన్ అసలు ఇవ్వకపోతే అది డాక్టర్ మర్చిపోవడం కాదు. స్క్వేమస్ రకానికి ఈ ఫలితం వర్తించదు.

మిగిలింది నేరుగా ఆపరేషన్ అయినవాళ్లు. స్కాన్‌లో చిన్నదిగా కనబడి కోశాక పెద్దదని తేలినవాళ్లు, గ్రంథుల్లో కణాలున్నట్టు ముక్క పరీక్షలో బయటపడినవాళ్లు ఇందులో ఉంటారు. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అనే ప్రశ్న నిజంగా వీళ్లదే. ఇక్కడ రిపోర్టులో ముందు చూడాల్సింది అంచుల సంగతి. తీసిన ముక్కకి పాథాలజీ వాళ్లు బయటంతా సిరా పూసి పల్చగా కోసి చూస్తారు. క్యాన్సర్ కణాలు ఆ సిరా దాకా వచ్చాయంటే కొన్ని లోపలే మిగిలిపోయాయని అర్థం. రిపోర్టులో దాన్ని 'ఆర్1' అని, శుభ్రంగా ఉంటే 'ఆర్0' అని రాస్తారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. పై అంచు, కింది అంచు కాకుండా చుట్టూ ఉండే అంచు కూడా ఒకటుంది. అక్కడ కణాలు సిరాని తాకితేనే చెడ్డదంటారు అమెరికా వాళ్లు. మిల్లీమీటరు లోపు దగ్గరికి వచ్చినా చెడ్డదే అంటారు బ్రిటన్ వాళ్లు. అంటే ఒకే ముక్క ఒక చోట ఆర్0, ఇంకో చోట ఆర్1 కావచ్చు. అందుకే ఆ అక్షరం ఒక్కటి చూసి ఊరుకోకుండా ఎన్ని మిల్లీమీటర్ల దూరమో కూడా అడగాలి.

ఆర్1 అయితే, అంతకుముందు రేడియేషన్ పడని మనిషికి, కీమోతో కలిపి రేడియేషన్ ఇవ్వాలన్న దాంట్లో పెద్దగా వాదన లేదు. ఆర్0 అయి, గ్రంథులు కూడా శుభ్రంగా ఉన్న స్క్వేమస్ కేసుల్లో ఏమీ ఇవ్వకుండా చెకప్‌లకి రమ్మంటారు. తగువంతా మధ్యలో ఉంది: అంచులు శుభ్రం, గ్రంథుల్లో మాత్రం క్యాన్సర్. స్క్వేమస్‌లో ఇలాంటివాళ్లని అమెరికా మార్గదర్శకాలు గమనిస్తూ ఉండమంటాయి, చైనా అనుభవం రేడియేషన్ ఇమ్మంటుంది. కడుపుతో కలిసే చోట వచ్చిన అడినో రకానికైతే 2001లో అమెరికాలో అచ్చయిన 556 మంది ప్రయోగం ఒక ఆధారం. వాళ్లలో ఎక్కువమందిది కడుపు క్యాన్సర్, అయిదో వంతు మందికి మాత్రం ఈ కలిసే చోటిదే. ఆపరేషన్ తర్వాత 45 గ్రేల రేడియేషన్, కీమో ఇస్తే సగం మంది బతికిన కాలం 27 నెలల నుంచి 36కి పెరిగింది. ఈ మధ్య గుంపులో ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్పొచ్చు. నా మట్టుకు నేను అలాంటప్పుడు ఎన్ని గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నిట్లో ఉంది అని చూస్తాను. 30 తీస్తే ఒకదాంట్లో ఉండటం వేరు, 8 తీస్తే అయిదింట్లో ఉండటం వేరు. ఆ తర్వాత మనిషి తిండి తింటున్నాడా, బరువు నిలబడిందా అని చూస్తాను. కాగితం మీద ఎంత అవసరమనిపించినా, మంచం దిగలేని మనిషికి 25 సిట్టింగులు మొదలుపెట్టి పదో రోజున ఆపేస్తే రెండిటికీ చెడినట్టే.

పెట్టేటప్పుడు

కుట్లు మాని, తిండి కాస్త కుదురుకున్నాక, సాధారణంగా నెలా రెండు నెలల మధ్య మొదలుపెడతారు. మొత్తం 45 నుంచి 50.4 గ్రేలు, రోజుకి 1.8 చొప్పున 25 నుంచి 28 సిట్టింగులు. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ, శని ఆదివారాలు సెలవు. ముందు ప్లానింగ్ స్కాన్ తీసి, ఒంటి మీద చుక్కలు పెడతారు. అవి చెరిగిపోకుండా చూసుకోమంటారు. ఇప్పటి మిషన్లు కిరణాన్ని ఎక్కువ వైపుల నుంచి, కావలసిన ఆకారంలో మలిచి పంపుతాయి కాబట్టి గుండెకి, ఊపిరితిత్తులకి, వెన్నుపాముకి పడే వాటా తగ్గించగలుగుతున్నారు. బల్ల మీద ఉండేది పావుగంట. అసలు కష్టం రాకపోకలది. పల్లె నుంచి హైదరాబాదుకో విశాఖకో వచ్చి అయిదు వారాలు గది అద్దెకి తీసుకుని, తోడు మనిషి కూలీ మానుకోవాలి. ఆరోగ్యశ్రీలో రేడియేషన్ ఖర్చు వస్తుంది కానీ ఈ గది అద్దె రాదు. పండక్కి ఊరెళ్లొద్దామని మధ్యలో వారం మానేసేవాళ్లుంటారు. స్క్వేమస్ కణాలు ఆ ఖాళీలో మళ్లీ పుంజుకుంటాయి. ఆ వారం నష్టం చివర్లో రెండు సిట్టింగులు కలిపినంత మాత్రాన పూడదు.

రెండో మూడో వారం నుంచి మింగితే మంట, వికారం, నీరసం వస్తాయి. అతుకు దగ్గర దారి సన్నబడితే ఎండోస్కోపీతో సాగదీయాల్సి రావచ్చు. ఇవన్నీ డాక్టర్లు ముందే చెబుతారు. చెప్పినా గుర్తుండనిది ఒకటుంది: అంతా అయిపోయి నెలా మూడు నెలల మధ్యలో పొడి దగ్గు, ఆయాసం, సన్నటి జ్వరం మొదలైతే అది జలుబు అనుకుని మందుల షాపులో సిరప్ కొనుక్కోకూడదు. ఊపిరితిత్తికి రేడియేషన్ తగిలిన వాపు కావచ్చు, స్టెరాయిడ్లతో తగ్గుతుంది, ఆలస్యమైతే ముదురుతుంది.

ఆపరేషన్‌లో పొట్టకి పెట్టిన ఫీడింగ్ గొట్టాన్ని నోటితో తింటున్నాం కదా అని తొందరపడి తీయించేయొద్దు. రేడియేషన్ రాబోతోందంటే మూడో వారానికి అదే ప్రాణాధారం అవుతుంది. కొంచెం కొంచెంగా రోజుకి ఆరేడు సార్లు తినాలి, తిన్నాక గంటన్నా కూర్చోవాలి, తలవైపు ఎత్తు పెట్టి పడుకోవాలి. కడుపు ఇప్పుడు ఛాతీలో ఉంది కాబట్టి వెల్లకిలా పడుకుంటే తిన్నది ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. రాగిజావ, గుడ్డు, పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పు ఏది పోతే అది. ఈ అయిదు వారాలు పథ్యాలు వద్దు. బరువు బాగా తగ్గితే ఒంటి కొలతలు మారి, వేసిన ప్లాన్ తప్పిపోయి, మళ్లీ స్కాన్ తీయాల్సి వస్తుంది.

రేడియేషన్ డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఫైల్లో ముక్క పరీక్ష పూర్తి రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, ముందెప్పుడైనా రేడియేషన్ పడితే ఎన్ని గ్రేలు, ఎక్కడ అన్న కాగితం ఉండాలి. వాటితోపాటు ఆపరేషన్‌కి ముందు తీసిన సీటీ స్కాన్ సీడీ కూడా. పాతదే కదా అని చాలామంది దాన్ని ఇంట్లో బీరువాలో వదిలేసి వస్తారు. డాక్టర్ మొదట అడిగేది అదే, ఎందుకంటే గడ్డ ఎక్కడుండేదో చూపించగలిగేది ఇక ఆ సీడీ ఒక్కటే.